పల్లెల ద్రాక్షారసము – దాని రుచి తెలిసికొను విధము

కడచిన మాసము కోసిగిలో జరిగిన సభ్యుల సమావేశమున ఎరువుల పద్దును బాకీల పద్దును ముగిసిన పిమ్మట ఒక క్రొత్త ప్రశ్న పుట్టినది. బెంగుళూరు హోటలులో పనిచేయుచున్న ఒక సభ్యుని కుమారుడు పండుగకు వచ్చుచు మూడు ఖాళీ గాజుసీసాలు తెచ్చియుండెను. వానియందు నూనె పోసికొనవచ్చునని అతని తల్లి యెంచెనట. తండ్రి మాత్రము వానిని సంచిలో పెట్టుకొని సమావేశమునకు తెచ్చి, మా బల్లపై వరుసగా నిలిపి, “సార్, ఇవి ఫ్రాన్సు దేశంలో రైతులు చేసిన ద్రాక్షకల్లు సీసాలంట. ఆడ కూడా సంఘాలే చేసి అమ్ముతాయంట. ఒక్క సీసా హోటల్లో మన బుడ్డల మూట ధర పలుకుతాదంట. మన ఈతకల్లు ముంతకు ఆ ధర ఎందుకు రాదు సార్?” అని అడిగెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి గాని, ఇంటికి వచ్చిన పిమ్మట ఆ ప్రశ్న నవ్వి విడువదగినది కాదని తోచినది. పత్రికలో జవాబు వ్రాయుదుమని ఆనాడే మాట యిచ్చియుంటిమి గనుక ఇప్పుడు వ్రాయుచున్నాము.

మొదట ఒక మాట. మేము పానప్రియులము కాము. ఎవ్వరిని త్రాగుమని చెప్పుటకు ఈ పత్రికయు తగిన చోటు కాదు. త్రాగుడువలన చితికిన కాపురములు మన గ్రామములలో ఎన్ని యున్నవో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. ఒక మెట్టసీమ రైతులు తమ పంటకు ఊరి పేరు పెట్టి, ఆ పేరును కల్తీనుండి కాపాడుకొనిన కథగా దీనిని చదువ గోరుచున్నాము. ఇక పేరు సంగతి. మిషను బడిలో చదివిన మాకు చిన్ననాటనుండియు ‘ద్రాక్షారసము’ అను మాట అలవాటు. ద్రాక్షావల్లిని గూర్చిన పాఠములు కంఠస్థము చేసితిమి గాని, ద్రాక్షతీగను కన్నులార చూచునప్పటికి మాకు పదునెనిమిదేండ్లు దాటినవి. ఈ వ్యాసమున ద్రాక్షారసమనగా పిండిన పచ్చిరసము కాదు. పులిసి, తేరి, నిలువ యుంచబడినది.

అది పులియుటకును మన కల్లు పులియుటకును మూలము ఒక్కటే. కంటికి కనబడని ఈస్టు అను సూక్ష్మజీవి తీపిని తిని, అందులో ఇంచుమించు సగమును సారాయముగాను తక్కిన సగమును వాయువుగాను మార్చును. కల్లుముంతలో పొంగు ఆ వాయువే. అయితే ఈతచెట్టునుండి దిగిన నీరాలో నూటికి పది పన్నెండు పాళ్లు మాత్రమే చక్కెర యుండును. పండిన ద్రాక్షరసమున ఇరువది పాళ్లవరకు ఉండును. లీటరు రసమున 17 గ్రాముల చక్కెర యున్నచో నూటికి ఒక పాలు సారాయము పుట్టునని వారి లెక్క. కావున ద్రాక్షారసములో సారాయము నూటికి 12 పాళ్లవరకు చేరును. కల్లులో నాలుగైదు పాళ్లు దాటుట అరుదు. ద్రాక్షలో పులుపు సహజముగా మెండు. ఎఱ్ఱద్రాక్ష తొక్కునుండి వచ్చు వగరు కూడ దానికి కాపు. గాలి తగులనీయక పీపాలో మూసి యుంచినచో ఏండ్ల తరబడి నిలుచును. మన కల్లు తెల్లవారుజామున తేనె, మధ్యాహ్నమునకు నురుగు, సాయంకాలమునకు పులుపు, మరునాటికి కాడి. సభ్యుని ప్రశ్నకు ఇది మొదటి జవాబు: నిలువ యుండని వస్తువు ఊరు దాటి పోలేదు; ఊరు దాటని వస్తువుకు పేరు రాదు.

తెల్ల ద్రాక్షారసమునకును ఎఱ్ఱదానికిని భేదము చాలమంది యెరుగరు. ఏ ద్రాక్షనైనను పిండినచో రసము సామాన్యముగా తెల్లగానే యుండును. రంగంతయు తొక్కులో నున్నది. తొక్కుతో కలిపి పులియబెట్టిన ఎఱుపు వచ్చును, వగరును వచ్చును. తొక్కు తీసివేసి పులియబెట్టిన తెలుపు.

ఇక రుచి చూచుట. కొన్నేండ్ల క్రిందట కొందరు రైతులతో కూడి ద్రాక్షతోటలు చూచుటకై మేము నాసిక్ వెళ్లితిమి. అక్కడి యొక తోటలో మమ్ము బల్లచుట్టు కూర్చుండబెట్టి, తమ సరకుతోపాటు పోల్చి చూచుటకై రెండు ఫ్రెంచి సీసాలను కూడ తెరచిరి. మధ్యను ఒక బకెట్టు పెట్టిరి. అది చేతులు కడుగుకొనుటకని మేమనుకొంటిమి. రుచి చూచినది మ్రింగక అందులో నుమియవలెనట! మొదటి గ్రుక్క మ్రింగివేసి నవ్వులపాలైతిమి. పిమ్మట వారు చెప్పినట్లు చేసితిమి: గ్లాసు వంచి తెల్లని కాగితముపై రంగు చూచుట, గ్లాసును గిరగిర త్రిప్పి వాసన పీల్చుట, ఒక చెంచాడు నోట పోసికొని నాలుక అంచులకును అంగిటికిని తాకునట్లు పుక్కిలించుట, ఉమిసిన పిమ్మట ఎంతసేపు రుచి నిలుచునో లెక్కించుట. ఇందులో మాయ యేమియు లేదు. నేయిని ముంజేతిపై రుద్ది వాసన చూచు ఇల్లాలును, ప్రత్తిని వ్రేళ్లనడుమ లాగి పోగు పొడవు చెప్పు ఆదోని దళారియు చేయు పనియే ఇది.

మాకు ఆ బల్లవద్ద ఒక సంతోషము కలిగినది. వగరు అనుదానిని అక్కడి యువకుడు ఇంగ్లీషువారికి విడమరచి చెప్పుటకు మిక్కిలి కష్టపడుచుండెను: చిగుళ్లు బిగిసినట్లుండును, నాలుక ఎండినట్లుండును, అని. మనకు షడ్రుచులలో వగరు ఒకటి. నేరేడుపండు తిన్న పిల్లవానికి కూడ తెలియును. తీపి, పులుపు, వగరు, చేదు, ఈ నాలుగింటి తూకమే ద్రాక్షారసపు రుచి. సారాయపు వేడి దానిపైని కప్పు. వేడి ఎక్కువై పులుపు తక్కువైనచో చప్పిడి మంట. పులుపు ఎక్కువై తీపి యేమియు లేనిచో కాడిని తలపించును. వగరు లేని యెఱుపు నీళ్లవలె జారిపోవును. ఒక వస్తువును మెచ్చుటకు దాని ధర తెలియనక్కరలేదు, ఈ తూకము తెలిసిన చాలును.

సభ్యుడు తెచ్చిన మూడు సీసాల చీటీలపైని మూడు సీమల పేర్లున్నవి. మూడును గొప్పింటివారి ద్రాక్షారసములు కావు. పల్లెల సరకు, అనుదినము భోజనముతో త్రాగునవి. ఒకటి గాస్కనీది, తెలుపు. కొలంబార్, యూని బ్లాన్ అను ద్రాక్షలతో చేయుదురు. ఇదే సీమలో వానినే బట్టీ పట్టి ఆర్మఞ్యాక్ అను సారాయి తీయుట పూర్వపు వాడుక. సారాయికి గిరాకి తగ్గినప్పుడు ఆ రైతులు అదే తోటనుండి పలుచని, పుల్లని, నిమ్మతొక్కు వాసనగల తెల్లరసము చేసి బ్రతికిరి. రెండవది ఆర్దెష్ కొండలది. దానిని మేమెన్నడును రుచి చూడలేదు గనుక వదలివేయుచున్నాము. మూడవది దక్షిణ సముద్రతీరపు లాంగ్‌డాక్ సీమది. దాని చీటీపై ‘పెయి డోక్’ అని యున్నది. మా మాటలలో ఎక్కువ భాగము దీనికే చెందును. ఏలయనగా అది మన సీమకు చుట్టము.

లాంగ్‌డాక్ వేసవిలో ఎండ కాయును, గాలి కొట్టును, వాన సమయమునకు రాదు. కొండవాలులలో సున్నపురాయి, ముండ్లపొదలు, సువాసనగల చిన్న మొక్కలు. తక్కువ నేల, తక్కువ నీరు. తీగకు నాలుగు గుత్తులు మాత్రమే కాయును గాని వానిలో రుచి చిక్కగా నుండును. దిగువ మైదానములో కాపు విస్తారము, రసము పలుచన. నీరు పారిన మడిలోని వంకాయకును వానకు పండిన చేలోని వంకాయకును గల భేదము కోసిగి రైతుకు మేము చెప్పవలెనా? కారిన్యాన్ అను ద్రాక్ష అక్కడి పాతకాపు. లేతతీగనుండి వచ్చిన దానిలో మోటు వగరును పులుపును మాత్రమే యుండును. అరువదేండ్ల ముదురుతీగ కొండరాళ్లలో కాచినచో అదే ద్రాక్ష గంభీరమైన రుచి నిచ్చును. గ్రెనాష్ అనునది తీపియు వేడియు ఎక్కువగల జాతి. సెన్సో మెత్తనిది. ఈ మూడింటిని కలిపి ఒకదాని లోటు నొకదానితో తీర్తురు. సెనగలవలె చిక్కుడుగింజలను మాంసముతో గంటలకొలది ఉడికించిన ‘కాసూలే’ అను మోటు వంటకము అక్కడి పల్లె భోజనము. దాని క్రొవ్వును ఈ వగరు కోసివేయును. మేము నాసిక్‌లో చూచిన రెండు ఫ్రెంచి సీసాలలో ఒకటి ఈ సీమదే. దానిని జొన్నరొట్టె, వేరుసెనగ కారముతో తినవచ్చునని మా ప్రక్కనున్న రైతు ఒకరు గుసగుసలాడినారు. ఆయన చెప్పినది సరియేనని మా నమ్మకము.

ఈ సీమకు 1850 తరువాతి పదేండ్లలో రైలు వచ్చినది. పారిస్ కూలివాడు త్రాగు చవుకరసమంతయు పీపాలలో ఇక్కడినుండి పోసాగెను. అంతలో అమెరికానుండి ఫిలోక్సెరా అను వేరుపేను దిగుమతి యైనది. 1868లో మాంపెలియే పండితుడు ప్లాన్షోన్ దానిని గుర్తించునప్పటికే తోటలు ఎండుచుండెను. 1875లో ఫ్రాన్సు దేశపు దిగుబడి 8 కోట్ల హెక్టోలీటర్లకు మించియుండగా 1889 నాటికి 2 కోట్ల 30 లక్షలకు పడిపోయెను. (హెక్టోలీటరన నూరు లీటర్లు.) చివరకు అమెరికా వేళ్లపై తమ తీగలను అంటుగట్టి బ్రతికించుకొనిరి. ఆ అమెరికా తీగలవెంటనే బూజుతెగులు కూడ వచ్చినది. దానికి మందు దొరికిన కథ వినదగినది. బోర్డో దగ్గర తోటలవారు బాటసారులు పండ్లు కోయకుండుటకై బాటవెంటి తీగలకు మైలుతుత్తము, సున్నము కలిపి పూయుచుండిరి. ఆ తీగలకు మాత్రము తెగులు రాకుండుట మిల్లార్డే అను ఆచార్యుడు 1882లో గమనించి, 1885లో మందుగా ప్రకటించెను. మనము నిమ్మకును తమలపాకుకును కొట్టు బోర్డో మిశ్రమము అదియే. ఏ సభ్యుడైనను ద్రాక్షారసముతో తనకు సంబంధము లేదని యన్నచో, తుత్తము కలిపిన తన బకెట్టును చూచుకొనవలెను.

తోటలెండిన కాలమున వర్తకులు ఊరకుండలేదు. ఎండుద్రాక్షను నానబెట్టి, చక్కెరనీరు పోసి, రంగు కలిపి, దానినే ద్రాక్షారసమని అమ్మిరి. 1889లో చట్టము వచ్చి, తాజాద్రాక్షను పులియబెట్టిన దానికే ఆ పేరు చెల్లునని శాసించెను గాని, చట్టమునకు కాళ్లు లేకపోయెను. తోటలు మరల కాచి సరకు నిండునప్పటికి కల్తీసరకు కూడ బజారులో నిండియుండెను. ధర నేలకంటెను. 1907 మార్చి 11న ఆర్జెలియే అను కుగ్రామమునుండి 87 మంది రైతులు నార్బోన్ పట్టణమునకు నడచిరి. వారికి ముందు నడచినవాడు మార్సెలిన్ ఆల్బెర్ట్, ఒక చిన్న తోటయు ఒక కాఫీదుకాణమును గలవాడు. వారము వారము జనము పెరిగి, జూను 9న మాంపెలియే వీధులలో అయిదు లక్షలకు మించిన జనము చేరెను. నార్బోన్‌లో సైన్యము కాల్చుటవలన మనుష్యులు చనిపోయిరి. ఆ సీమ రైతుల బిడ్డలే యున్న 17వ పటాలమున సుమారు 500 మంది సిపాయిలు తిరుగబడి బెజియే పట్టణమునకు నడచి వచ్చిరి. ఆల్బెర్ట్ రహస్యముగా పారిస్ వెళ్లి ప్రధానమంత్రి క్లెమాన్సోను కలసికొనెను. ఆ మంత్రి ఆయనకు తిరుగుప్రయాణమునకని నూరు ఫ్రాంకుల నోటు ఇచ్చి, ఆ సంగతి పత్రికలవారికి చెప్పివేసెను. పాపము, రైలుచార్జీ పుచ్చుకొన్న దోషమునకు తనవారే ఆయనను అమ్ముడుపోయినవానిగా చూచిరి! జూను 29న మాత్రము చట్టము వచ్చినది: నీరు కలుపుట, చక్కెర కలుపుట అణచుటకును, ప్రతి రైతు తన దిగుబడి నెంతయో ప్రకటించుటకును.

మరోసాన్ గ్రామము ఇంతకుముందే వేరొక దారి పట్టియుండెను. 1901లో అక్కడి చిన్నరైతులు ఎలీ కతాలా అను వాని ప్రోత్సాహమున సహకార సంఘముగా కూడి, దళారుల నడుగక, పారిస్‌లోని వినియోగదారుల సహకార సంఘములకు నేరుగా సరకు పంపిరి. 1905లో అందరికి ఉమ్మడిగా పెద్ద గాదె కట్టిరి. ఆ యేటనే జాఁ జోరెస్ అను సుప్రసిద్ధ నాయకుడు వెళ్లి చూచెను. ఫ్రాన్సులో ఉమ్మడిగాదె సంఘములకు ఇది మొదటిదని చెప్పుదురు. ఉమ్మడిగాదె యనిన చెప్పుట సులభము, నడపుట కష్టము. ఒక సభ్యుడు కుళ్లిన ద్రాక్ష తెచ్చి తొట్టిలో పోసినచో నూరుమంది రసము చెడును. కావున ఇట్టి సంఘములు తూకమును మాత్రమే గాక ద్రాక్షలోని చక్కెర పాళ్లను కొలిచి, రెంటిని హెచ్చించి సొమ్ము కట్టు పద్ధతిని పెట్టుకొనినవి. మంచి కాపు తెచ్చినవానికి ఎక్కువ, నీళ్లకాపు తెచ్చినవానికి తక్కువ. ఇందులో ముఖప్రీతి లేదు.

ఇక్కడ మా అనుభవమొకటి చెప్పక తప్పదు. మేము పూర్వము పనిచేసిన ఒకచోట సంఘమువారు సభ్యుల వేరుసెనగను ఒకే రాశిగా పోసి మిల్లుకు పంపిరి. మాకు తెలిసిన ఒక సభ్యుడు తడి యారని కాయలు తెచ్చినాడు. చూచితిమి, కాని మొగమాటముచేత ఏమియు అనలేదు. మూడవనాటికి రాశి వేడెక్కెను. మిల్లువారు మొత్తమునకు ధర కోసిరి. ఆ రాశిలో ఎండిన కాయలు తెచ్చిన విధవరాలొకతె మూటలు రెండుండెను. ఆమె ముఖము మాకు ఇప్పటికిని గుర్తే.

1935లో ఫ్రాన్సువారు గొప్ప ద్రాక్షారసములకు జన్మస్థలపు పేరును చట్టముతో కట్టిరి. పల్లెల సరకు చాలకాలము పేరులేక పీపాలలోనే పోవుచుండెను. 1968లో ‘వాన్ ద పెయి’, అనగా ‘సీమ ద్రాక్షారసము’ అను తరగతికి నాంది జరిగి, 1979లో నిబంధనలు గట్టిపడెను: చీటీపై సీమపేరు వ్రాయవలెననినచో ఇన్ని జాతుల ద్రాక్షయే, ఎకరమునకు ఇంతకు మించని కాపే, ప్రయోగశాలలో పరీక్షయే గాక రుచి చూచు సంఘము ఒప్పుకొనవలెను. 1987లో ‘పెయి డోక్’ పేరు వచ్చినది. 2009 తరువాత యూరపు సమాఖ్య పద్ధతిలో వీనికి భౌగోళిక గుర్తింపు అను క్రొత్త పేరు వచ్చెను. మనకును 1999లో అట్టి చట్టము చేయబడి, 2017లో బనగానపల్లె మామిడికి ఆ గుర్తింపు లభించినది.

అంతమాత్రమున లాంగ్‌డాక్ రైతు సుఖపడినాడని చెప్పజాలము. 1976 మార్చి 4న చవుక దిగుమతులపై అలజడిలో మాంట్రెడాన్ వద్ద కాల్పులు జరిగి ఒక రైతును ఒక పోలీసు అధికారియు మరణించిరి. ఫ్రెంచివారు త్రాగుట కూడ సగముకంటె తగ్గినది. సొమ్ము పుచ్చుకొని తోటలు పెరికివేసినవారు వేలకొలది. పేరు నిలిచినది, కష్టమును నిలిచినది.

కల్లుమాటకు మరల వత్తుము. తెలంగాణములో కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మందులు కలిపి పట్టువడినవారి సంగతి పత్రికలు చదువువారికి తెలిసినదే. 1889లో పారిస్ వర్తకుడు చేసినది ఇదియే. తేడా యొకటి: చక్కెరనీరు త్రాగినవాడు మోసపోయెను, దీనిని త్రాగినవాడు ప్రాణము పోగొట్టుకొనును. త్రాగువానికి అసలు రుచి జ్ఞాపకము లేనప్పుడు కల్తీని పట్టు మొదటి కాపలాదారు చచ్చినట్లే.

రుచి ఇంకను చావలేదని తెలిసికొనుటకు మేము ఒక చిన్న పరీక్ష చేసితిమి. సమావేశమునకు మరునాటి తెల్లవారుజామున వంకయొడ్డు ఈతవనమునుండి మూడు ముంతలు తెప్పించి, గుర్తులు తుడిచి, కల్లుగీతలో వెండ్రుకలు నెరసిన ఈడిగ పెద్దాయన ముందు పెట్టితిమి. ఈతచెట్టుకు ఏటేట ప్రక్క మార్చి గీత వేయుదురు. కాండముపై గంట్లు లెక్కించిన ఎన్నేండ్లు గీచినదియు తెలియును. ఆయన ముఖముపైని ముడుతలును అట్లే యుండెను. మొదటి ముంత చూచి, “ఇది మూడు దినాలు ఇడిసి గీసిన చెట్టు. తేటగుంది” అనెను. రెండవది, “ఇది వరసగా గీసినది. అలిసిపోయిండాది చెట్టు.” మూడవది నాలుకపై పెట్టి వెంటనే ప్రక్కకుమిసి, “ఇది మావాని కుండ. కడిగి ఎండబెట్టలేదు” అని కుమారునివైపు చూచెను. ఆ యువకుడు తల వంచుకొనెను. మూడును నిజమే. నాసిక్ బల్లవద్ద మాకు నేర్పినవాడు ఇంతకంటె చక్కగా చెప్పియుండడు.

“ఇంత తెలిసినవారు మూడింటికి మూడు ధరలు పెట్టరేమి?” అని అడిగితిమి. ఆయన నవ్వి, “అన్నీ ఒకే డ్రమ్ములో పోస్తారు కదా సార్” అనెను.

ఆ మాట విన్న సభ్యులలో నలుగురు తమలో తాము మాట్లాడుకొని, రాబోవు సమావేశమునకు ఎవరి చేని బుడ్డలను వారు వేరు వేరు సంచులలో శేరు చొప్పున తెచ్చి, తేమ చూచి, ఒలిచి, రుచి చూచి, తరగతులు పెట్టుదమని కార్యదర్శికి చెప్పినారు. సంచిపై పేరు కాక అంకె మాత్రమే యుండవలెనని మేము కోరితిమి. మూడు సీసాలలో రెండింటిలో ఆ యింట గానుగనూనె పోసినారట. పెయి డోక్ సీసా చీటీని మాత్రము ఊడదీయనీయలేదట.